బానెట్‌కి, డిక్కీకి గ్యాస్ స్ట్రట్లు: తక్కువ ఖర్చులో ఇంటి దగ్గరే బిగించుకోవడం ఎలా

బానెట్ ఎత్తి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆ సన్నటి ఊతం రాడ్డు లాగి దాని బొక్కలో దూర్చడం మనందరికీ అలవాటైన పనే. స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ10 లాంటి చిన్న కార్లకి ఇదే ఏర్పాటు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. మే నెలలో హైవే మీద రెండు గంటలు నడిపి, వాషర్ ట్యాంకులో నీళ్లు పోద్దామని ఆగితే మాత్రం ఆ రాడ్డు చెయ్యి చురుక్కుమనిపిస్తుంది. పైగా అది సరిగ్గా బ్యాటరీకో, ఆయిల్ పుల్లకో అడ్డంగా నిలబడుతుంది. దాని బదులు చెరో పక్కన ఒక గ్యాస్ స్ట్రట్ (లోపలి గ్యాస్ ఒత్తిడితో తోసే గొట్టం లాంటి ఊతం) ఉంటే బానెట్ సగం దాటాక తనే లేచి నిలబడుతుంది.

పని కష్టమేం కాదు. పానాల సెట్టు, టేపు, ఒక ఆదివారం చాలు. అయితే చాలామంది "ఎన్ని న్యూటన్ల (అంటే ఎంత తోసే బలం ఉన్న) స్ట్రట్ కొనాలి?" అనే ప్రశ్నతో మొదలుపెడతారు. అసలు ముందు తేల్చాల్సింది స్ట్రట్ రెండు చివరలూ ఎక్కడ కూర్చోవాలన్నది. చోటు కుదిరితే తక్కువ బలం ఉన్న చవక స్ట్రట్ చాలు. చోటు తప్పితే ఎంత ఖరీదైనది పెట్టినా బానెట్ వంగుతుంది. ఇది నాకు ఒక జత డబ్బులు పోయాక తెలిసింది.

ఇంకో మాట. షాపులో గ్యాస్ స్ట్రట్ అంటే ఒక్కోసారి తెల్లముఖం వేస్తారు. "డిక్కీ షాకర్లు" అనో "హైడ్రాలిక్ రాడ్లు" అనో అడగండి, వెంటనే తీసిస్తారు. నిజానికి ఇందులో తోసేది నూనె కాదు, గ్యాస్.

ఆ గొట్టంలో ఏముంటుంది

గొట్టం నిండా బాగా ఒత్తిడితో కూర్చిన నైట్రోజన్, దానితో పాటు కొంచెం నూనె. పిస్టన్‌కి చిన్న దారి ఉంటుంది కాబట్టి గ్యాస్ రెండు వైపులకీ వెళ్తుంది. కానీ ఒక వైపు రాడ్డు కొంత చోటు ఆక్రమించి ఉంటుంది. ఆ వైపు గ్యాస్ తోసే వైశాల్యం తక్కువ, అందుకే రాడ్డు ఎప్పుడూ బయటికే రావాలని చూస్తుంది. నూనె సీలుని తడిగా ఉంచుతుంది, చివర్లో కదలికను మెత్తగా ఆపుతుంది. స్ట్రట్ బిగించేటప్పుడు సన్నటి రాడ్డు కిందికి, లావు గొట్టం పైకి ఉండాలనేది ఇందుకే. తలకిందులుగా పెడితే నూనె సీలు దగ్గర నిలవదు, అది ఆరిపోయి గ్యాస్ మెల్లగా జారుకుంటుంది.

గొట్టం మీద 150, 300 లాంటి అంకె ఉంటుంది. అది న్యూటన్లలో బలం. పది న్యూటన్లంటే దాదాపు ఒక కిలో బరువు. ఆ అంకె పూర్తిగా సాగి ఉన్నప్పటి బలం, అదీ 20 డిగ్రీల దగ్గర. స్ట్రట్‌ని నొక్కేకొద్దీ గ్యాస్ ఇంకా ఇరుకై బలం సుమారు 20 నుంచి 40 శాతం పెరుగుతుంది. వేడి పెరిగితే ప్రతి 10 డిగ్రీలకీ మూడు నాలుగు శాతం కలుస్తుంది. అంటే వేడెక్కిన ఇంజన్ పక్కన 80 డిగ్రీల దగ్గర అదే స్ట్రట్ ఐదో వంతు ఎక్కువ బలంగా తోస్తుంది. ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో జనవరి తెల్లవారుజామున కొంచెం నీరసంగా ఉంటుంది. లెక్క వేసేటప్పుడు రెండూ చూసుకోవాలి.

నా మొదటి అమరిక ఎందుకు బెడిసింది

ఫెండర్ (ముందు చక్రం పైనుండే పక్క రేకు) మీద హింజ్ పక్కనే ఒక బోల్టు, బానెట్ లోపలి ఫ్రేములో కాస్త ముందుకి ఒక ఖాళీ రంధ్రం కనిపించాయి. డ్రిల్లు అక్కర్లేదని సంబరపడి ఆ రెండింటికే స్ట్రట్ చివరలు తగిలించాను. 150 న్యూటన్ల జతకి బానెట్ నిలబడలేదు. సరే అని 300 జత తెచ్చాను. నిలబడింది. మూయబోతే మాత్రం చివరి జానెడు దూరంలో చేతుల్ని పైకి తోసేసింది. బలవంతంగా నొక్కి లాక్ చేస్తే, హింజ్ దగ్గర రెండు మూలలూ ఫెండర్ కంటే పైకి లేచాయి. అక్కడ నా చిటికెన వేలు గోరు దూరేంత సందు. రేకు ఇంకా వంగలేదు కాబట్టి బతికిపోయాను.

బయటినుంచి చూస్తే ఏ తప్పూ కనబడదు. లెక్క వేశాకే ఎక్కడ పోయిందో తెలిసింది. ఆ లెక్క చాలా సులువు, కొనకముందే మీరూ వేసుకోండి.

బరువు కొలవడం

బానెట్ విప్పి కాటా మీద పెట్టక్కర్లేదు. సూట్‌కేసు తూకం చూసే హుక్కు కాటా ఒకటి చాలు. బానెట్ లాక్ తీసి, ముందు అంచున లాక్‌లో పడే ఇనప కొక్కెం ఉంటుంది కదా, దానికే కాటా హుక్కు తగిలించి, బానెట్ కాస్త లేచేదాకా పైకి లాగండి. మా కారుకి 7 కిలోలు చూపించింది, అంటే సుమారు 70 న్యూటన్లు. ఇప్పుడు హింజ్ నుంచి ఆ కొక్కెం దాకా టేపు పెట్టండి. మాకు 95 సెం.మీ. వచ్చింది. 70ని 0.95తో గుణిస్తే సుమారు 66 న్యూటన్ మీటర్లు. బానెట్ మూసి ఉన్నప్పుడు కిందికి తిప్పే బలం అది.

తర్వాత బానెట్‌ని మీకు కావలసినంత ఎత్తు తెరిచి పాత రాడ్డు మీద నిలబెట్టండి. దారానికి ఒక నట్టు కట్టి కొక్కెం నుంచి వేలాడదీయండి. హింజ్ నుంచి ఆ దారం దాకా అడ్డంగా, నేలకి సమాంతరంగా ఎంత దూరమో చూడండి. మాకు 61 సెం.మీ. తెరిచినప్పుడు తిప్పే బలం 70 ఇంటూ 0.61, అంటే సుమారు 43. స్ట్రట్లు మోయాల్సింది ఇంతే.

ఇక స్ట్రట్ వైపు. దాని రెండు చివరలూ ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మీదుగా వంకర లేని ఒక కర్ర పట్టుకోండి. హింజ్ నుంచి ఆ కర్రకి అతి దగ్గరి దూరం కొలవండి. దాన్నే లంబ దూరం అందాం. బానెట్ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కావాలి. మూసినప్పుడు కర్ర పెట్టడం కుదరదు కాబట్టి హింజ్‌నీ రెండు గుర్తులనీ పక్కనుంచి చూసినట్టు కాగితం మీద కొలతలకి సరిగ్గా గీసుకోండి. బానెట్ గుర్తుని వృత్తలేఖినితో కిందికి తిప్పితే మూసిన స్థితి వస్తుంది. బడిలో కొన్న జామెట్రీ బాక్సు ఇన్నాళ్లకి పనికొచ్చింది.

నా మొదటి అమరికలో లంబ దూరం తెరిచినప్పుడు 8 సెం.మీ., మూసినప్పుడు 9. 43ని 0.08తో భాగిస్తే దాదాపు 540 న్యూటన్లు కావాలి. అందుకే 150 జత (రెండూ కలిపి 300) చాలలేదు, 300 జత (కలిపి 600) సరిపోయింది. కానీ మూసినప్పుడు ఆ 600 న్యూటన్లు నొక్కుడుకి పెరిగి సుమారు 780 అవుతాయి. దాన్ని 0.09తో గుణిస్తే 70. బానెట్ బరువు బలం 66 మాత్రమే. అంటే లాక్ లేకపోతే అది తనంతట తానే లేస్తుంది. వేసవిలో ఇంకా దారుణం.

కావలసింది దీనికి పూర్తిగా తిరగేసిన అమరిక. తెరిచినప్పుడు లంబ దూరం ఎక్కువ, మూసినప్పుడు తక్కువ ఉండాలి. బానెట్ వైపు చివరని హింజ్‌కి దగ్గరగా (నాది 19 సెం.మీ. దూరంలో), ఫెండర్ వైపు చివరని బాగా ముందుకి (47 సెం.మీ.), కాస్త కిందికి జరిపాను. లంబ దూరాలు తెరిచినప్పుడు 18, మూసినప్పుడు 4 అయ్యాయి. 43ని 0.18తో భాగిస్తే 240. చలికి, వాలు రోడ్డు మీద పార్కింగ్‌కి, స్ట్రట్ ముసలితనానికి 20 శాతం కలిపితే 290. అంటే 150 న్యూటన్లవి రెండు. మూసినప్పుడు వాటి తిప్పే బలం 16 మాత్రమే, బానెట్‌ది 66, కాబట్టి అది హాయిగా కూర్చుంటుంది. ముందు నన్ను ఏడిపించిన ఆ 150 జతే చివరికి బిగించాను.

పొడవు కొలవడం

బానెట్ మూసినప్పుడు రెండు చివరల మధ్య ఎంత దూరముంటుందో కళ్లతో చూడలేం. కాగితం లెక్క ఒకటి రెండు సెంటీమీటర్లు తప్పవచ్చు, ఇక్కడ ఆ తప్పు ఖరీదైనది. ఒకదానిలో ఒకటి వదులుగా జారే రెండు ప్లాస్టిక్ వైరింగ్ పైపు ముక్కలు తీసుకోండి. రెండు బయటి చివరలకీ రంధ్రం పెట్టి, మీరు గుర్తు పెట్టుకున్న చోట్ల తీగతో కట్టండి. సన్న పైపు మీద ఒక రబ్బరు బ్యాండు బిగుతుగా రెండు చుట్లు చుట్టి, లావు పైపు అంచుకి ఆనించండి. ఇప్పుడు బానెట్ మెల్లగా మూయండి. పైపులు ఒకదాంట్లో ఒకటి దూరుతూ రబ్బరు బ్యాండుని తోసుకుపోతాయి. మళ్లీ తెరిస్తే బ్యాండు అక్కడే ఉండిపోతుంది. లావు పైపు అంచుని తిరిగి బ్యాండు దాకా తెచ్చి, రెండు రంధ్రాల మధ్య కొలవండి. అదే మూసినప్పటి అసలు పొడవు.

నాకు మూసినప్పుడు 290 మి.మీ., తెరిచినప్పుడు 405 వచ్చాయి. కొనే స్ట్రట్ పూర్తిగా నొక్కినప్పటి పొడవు 290 కంటే కనీసం పది మి.మీ. తక్కువ ఉండాలి. లేకపోతే బానెట్ మూసుకోకముందే స్ట్రట్ అడుగంటుతుంది, మీరు నొక్కే బలమంతా హింజ్ మీద పడుతుంది. సాగినప్పటి పొడవు 405 దాటకూడదు. దాటితే బానెట్ ఎక్కువ తెరుచుకుని వెనక అంచు వైపర్లకో అద్దానికో తగులుతుంది. సాగినప్పుడు 400, కదలిక 130 ఉన్నది సరిగ్గా సరిపోయింది. స్ట్రట్ చివరి గిన్నె ఒక గుండ్రటి బంతి మీద కూర్చుంటుంది, కొలతలన్నీ బంతి మధ్య నుంచి బంతి మధ్యకే తీసుకోండి. రాడ్డు చివరి నుంచి కొలిస్తే తేడా వస్తుంది.

ఏం కొనాలి

మీ కారు మోడల్ పేరుతోనే బ్రాకెట్లు సహా కిట్ దొరికితే, దాని ధర మీకు అందుబాటులో ఉంటే, పై లెక్కలన్నీ వేసే శ్రమ తప్పుతుంది. చాలా మోడళ్లకి ఆన్‌లైన్‌లో వెయ్యి నుంచి మూడు వేల లోపు ఉంటాయి. దొరకకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో విడిగా కొనుక్కోవచ్చు. రెండు స్ట్రట్లు, 10 మి.మీ. బంతి ఉన్న ఎం8 (8 మి.మీ. మర) స్టడ్లు నాలుగు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానివి), స్ప్రింగ్ వాషర్లు తీసుకోండి. స్ట్రట్ చివరి గిన్నె సైజు, బంతి సైజు ఒకటేనా అని షాపులోనే నొక్కి చూడండి. బ్రాకెట్లకి 3 మి.మీ. మందం ఇనప పట్టీ కావాలి. అట్టముక్కతో నమూనా కత్తిరించి తీసుకెళ్తే వెల్డింగ్ షాపులో పది నిమిషాల్లో వంచి రంధ్రాలు పెట్టిస్తారు. రెడ్ ఆక్సైడ్ పూయకుండా బిగించవద్దు, మొదటి వానాకాలానికే తుప్పు పడుతుంది.

వంటింటి అల్మరా తలుపులకి వాడే చిన్న స్ట్రట్లు ఇంకా చవక. నేనూ ఆశపడ్డాను. వాటి చివరలు ప్లాస్టిక్కువి, ఇంజన్ వేడికి మెత్తబడి బంతి నుంచి ఊడివస్తాయి. బానెట్ కింద తల పెట్టి ఉన్నప్పుడు అలా జరగడం ఎవరికీ మంచిది కాదు. ఇనప గిన్నె, దానికి తీగ క్లిప్పు ఉన్నవే తీసుకోండి.

కారు ఇంకా వారంటీలో ఉంటే డ్రిల్లు జోలికి వెళ్లకండి. ఉన్న బోల్టులతో పని అయ్యేలా చూసుకోండి.

బిగింపు

కారు సమతలంగా పెట్టండి, ఇంజన్ చల్లారనివ్వండి, ఒక మనిషిని తోడు పిలవండి. బానెట్ పాత రాడ్డు మీదే నిలబడి ఉండాలి. ఫెండర్ల మీద పాత దుప్పటి పరవండి, జారిన పానా చేసే గీతకి పెయింటింగ్ ఖర్చు స్ట్రట్ల కంటే ఎక్కువ.

ముందు ఫెండర్ వైపు. ఫెండర్ పై అంచు వెంబడి 10 నంబరు పానా పట్టే ఎం6 బోల్టులు వరసగా ఉంటాయి. మీ గుర్తుకి దగ్గరగా ఉన్న రెండింటిని తీసి, కింద బ్రాకెట్ పెట్టి మళ్లీ బిగించండి. ఒక్క బోల్టు మీద బ్రాకెట్ పెడితే అది తిరుగుతుంది, రెండు తప్పనిసరి. బ్రాకెట్ మందానికి పాత బోల్టు పొట్టిదైతే ఐదు మి.మీ. పొడవైనది వేయండి.

బానెట్ వైపు మరీ జాగ్రత్త. హింజ్ చుట్టూ మార్కర్ పెన్నుతో గీత గీయండి. ఒక్కో హింజ్‌కి రెండు బోల్టులుంటే ఒకదాన్ని మాత్రమే తీసి, దాని కింద బ్రాకెట్ పెట్టి బిగించాకే రెండోది ముట్టుకోండి. రెండూ ఒకేసారి వదులు చేస్తే బానెట్ జరిగి, మళ్లీ సందులు సరిచేసేసరికి సాయంత్రమవుతుంది. బానెట్ లోపలి రేకులో కొత్తగా రంధ్రం పెట్టకపోవడమే మేలు. తప్పదనుకుంటే డ్రిల్లు బిట్‌కి టేపు చుట్టి లోతు కట్టడి చేయండి. పై రేకు లోపలి రేకుకి చాలా దగ్గరగా ఉంటుంది, స్క్రూ ఒక్క చుట్టు ఎక్కువ దిగినా బయటికి మొటిమలా పొడుచుకొస్తుంది.

బంతి స్టడ్లని నైలాక్ నట్టుతో బిగించండి. ఎం6 బోల్టుకి సుమారు 10 న్యూటన్ మీటర్లు, ఎం8కి 20 దగ్గర చాలు. టార్క్ పానా లేకపోతే చిన్న పానాతో మణికట్టు బలమే వాడండి, భుజం బలం వద్దు. తర్వాత పక్కనుంచి, ముందునుంచి చూడండి. రెండు బంతులూ ఒకే వరసలో ఉండాలి. స్ట్రట్ పక్కకి వాలితే ప్రతిసారీ సీలు ఒక వైపే అరుగుతుంది.

ఇక స్ట్రట్. తీగ క్లిప్పుని సన్నటి స్క్రూడ్రైవర్‌తో మూడు నాలుగు మి.మీ. మాత్రమే ఎత్తండి. పూర్తిగా ఊడబీకితే అది ఎగిరి ఇంజన్ సందుల్లో పడుతుంది, తర్వాత వెతుకులాటే. గొట్టం వైపుని బానెట్ బంతి మీద, రాడ్డు వైపుని ఫెండర్ బంతి మీద పెట్టి నొక్కి క్లిప్పు దించండి. "టక్" మనాలి. లాగి చూడండి, రాకూడదు. మెరిసే రాడ్డుని ప్లయర్‌తో పట్టుకోవద్దు, దాని మీద రంగు పడనివ్వద్దు. వెంట్రుకంత గీత పడినా సీలు చిరుగుతుంది.

వెంటనే బానెట్ మూయకండి. స్ట్రట్ దారిలో బ్యాటరీ మూత, ఫ్యూజ్ బాక్సు, బ్రేక్ ఆయిల్ డబ్బా, ఏసీ పైపు ఏమైనా ఉన్నాయేమో చూసి, అనుమానం ఉన్న చోటల్లా పాలిథీన్ ముక్కలో చుట్టిన చపాతీ పిండి ఉండ పెట్టండి. పాత రాడ్డు తీసి, మీ తోడు మనిషి పక్కనుంచి చూస్తుండగా బానెట్‌ని అంగుళం అంగుళం దించండి. లాక్ పడేదాకా వెళ్లి తిరిగి ఎత్తండి. పిండి ఉండ ఎక్కడైనా ఒక సెంటీమీటర్ కంటే పల్చగా నలిగి ఉంటే అక్కడ బ్రాకెట్ జరపాలి.

లాక్ వేయకుండా ఊరికే దించితే బానెట్ తన బరువుతో లాక్ దాకా వచ్చి ఆగాలి. లేవకూడదు. తర్వాత ఇంజన్ బాగా వేడెక్కాక ఇదే మళ్లీ చూడండి. హింజ్ దగ్గర మూలలు, ఫెండర్ సందులు ముందున్నట్టే ఉన్నాయా చూసుకోండి. అన్నీ బాగుంటే పని అయినట్టే.

ఒక అలవాటు మార్చుకోవాలి. ఇన్నాళ్లూ బానెట్‌ని అడుగు ఎత్తునుంచి వదిలేసి మూసేవాళ్లం. స్ట్రట్లుంటే అది సగంలో నీరసపడి లాక్‌లో పూర్తిగా పడకపోవచ్చు. రెండు అరచేతులూ ముందు అంచున, లాక్‌కి దగ్గరగా ఆనించి నొక్కండి. రేకు మధ్యలో నొక్కితే సొట్ట పడుతుంది. నొక్కాక ఒకసారి పైకి లాగి చూడండి, ముఖ్యంగా హైవే ఎక్కేముందు. పాత ఊతం రాడ్డుని మాత్రం ఊడబీకి పారేయకండి, అది అక్కడే ఉండనివ్వండి.

డిక్కీ సంగతి

హ్యాచ్‌బ్యాక్ డిక్కీ తలుపుకి కంపెనీ స్ట్రట్లు ముందే ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ గ్యాస్ జారుకుని, సామాన్లు దించుతుంటే తలుపు తల మీదికి వస్తుంది. చలికాలం పొద్దున ముందు తెలుస్తుంది. రాడ్డు మీద నూనె జిడ్డు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. ఇక్కడ లెక్కలేమీ అక్కర్లేదు. గొట్టం మీది అంకెలు ఫోటో తీసుకుని అదే పొడవు, అదే బలం ఉన్నవి తెచ్చుకోండి. ఒకే మోడల్‌లోనూ వెనక వైపర్, స్పాయిలర్ ఉన్న వేరియంట్ తలుపు బరువెక్కువ, దాని స్ట్రట్ వేరే ఉండొచ్చు. మోడల్ పేరు చెప్పి ఊరుకోకుండా వేరియంట్ కూడా చెప్పండి.

మార్చేటప్పుడు తలుపుకి చీపురు కర్ర లాంటి గట్టి ఊతం పెట్టి, ఒక మనిషిని పట్టుకోమనండి. ఒక పక్క పాతది తీసి కొత్తది పెట్టాకే రెండో పక్కకి వెళ్లండి. రెండూ ఒకేసారి తీయవద్దు. ఒకటే పాడైనా జతగా మార్చండి, లేకపోతే తలుపు మెలితిరిగి లాక్ పక్కకి పోతుంది. పావుగంట పని.

సెడాన్ డిక్కీలకి ఎక్కువగా అడ్డంగా బిగించిన ఉక్కు కడ్డీలు మెలిపడి స్ప్రింగులా పనిచేస్తాయి. డిక్కీ సగంలో ఆగిపోతుంటే తక్కువ బలం ఉన్న స్ట్రట్ జతని తోడుగా పెట్టుకోవచ్చు, పద్ధతంతా బానెట్‌దే. ఆ కడ్డీలని మాత్రం చేత్తో విప్పబోకండి, జారితే వేళ్లు విరిగేంత దెబ్బ తగులుతుంది. స్టెప్నీని వెనక తలుపుకే తగిలించి, తలుపు పక్కకి తెరుచుకునే బండ్లకి ఈ లెక్కలేవీ వర్తించవు.

మిగిలింది పాత స్ట్రట్లు. నీరసపడ్డా లోపల ఒత్తిడి ఇంకా ఉంటుంది. రంపంతో కోయడం, రంధ్రం పెట్టడం, చెత్తతో పాటు తగలబెట్టడం చేయవద్దు. పాత ఇనుము వాళ్లకి ఇచ్చేటప్పుడు ఇందులో గ్యాస్ ఉందని, కటింగ్ టార్చి పెట్టవద్దని గట్టిగా చెప్పి ఇవ్వండి. మా వీధికి వచ్చే పాత ఇనుము అతనికి చెబితే ముందు నవ్వాడు. రాడ్డుని నేలకేసి నొక్కి వదలమన్నాను. అది మళ్లీ పైకి తన్నుకొచ్చాక రెండింటినీ విడిగా సంచిలో వేసుకున్నాడు.